ఇంటి కారునకు బలము వచ్చిన చరిత్ర

ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందలి శిలాశాసనములను పరికించినవారికి ఒక సంగతి తెలియును. వానిలో పెక్కింటి విషయము అఖండదీపమే. ఫలానావారు తమ పుణ్యము కొఱకు ఇన్ని గోవులను సమర్పించిరి. వాని పాడివలన వచ్చు నెయ్యి దినమున కింత చొప్పున దీపమునకు చెల్లవలెను. దీపము ఆఱరాదు, నెయ్యి వృథా కారాదు. మంటకు ఇంధనమును కొలిచి యిచ్చుట మన పూర్వులకు క్రొత్త విద్య కాదు. నేడు నేను చెప్పబోవు మోటారుకారు కథయు తుదకు ఆ కొలత కథయే.

వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన బడిపంతులునకు ఇంజనుతో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. మా తమ్ముని కుమారుడు కాకినాడలో ఉద్యోగము చేయుచున్నాడు. వాని కొక నాలుగు తలుపుల కారున్నది. భార్యాబిడ్డలతో, వెనుక సామానుపెట్టెతో ప్రయాణము చేయుటకు తగిన సామాన్యమైన కుటుంబపు కారు. దాని యింజనునకు "బలము పెంచెదము, ముప్పది వేలు కాగలదు" అని ఎవరో చెప్పిరట. వాడు వచ్చి, "పెదనాన్నగారూ, సగము మీరు సర్దవలెను" అని అడిగెను. నేను డబ్బు తీయక చరిత్ర చెప్ప మొదలిడితిని. ఆ చరిత్రనే మీకును విన్నవించెదను.

అది 1981వ సంవత్సరము, కార్తికమాసము. నేను భాషాప్రవీణ పరీక్ష ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచుచున్న దినములు. మా పెదతండ్రిగారికి 1976లో కొనిన తెల్లని అంబాసిడరు కారొకటి యుండెను. ఇంటిల్లిపాదియు అన్నవరము పోయి వ్రతము చేసికొనవలెనని సంకల్పించిరి. ప్రయాణమునకు రెండు దినములు ముందు ఒక మెకానిక్కు కారును నడిపి చూచి, "లాగుడు తక్కువగా ఉందండీ. టైమింగు కాస్త ముందుకి పెడతాను, కొండ జింకలా ఎక్కేద్ది" అనెను. పెదతండ్రిగారు సంతోషించి సరే యనిరి.

ఎనమండుగురము ఎక్కితిమి. అంబాసిడరులో ఎనమండుగురు ఎక్కుట ఆ దినములలో వింత కాదు. అయిదుగురు మాత్రమే ఎక్కినచో కారు వెలితిగా నున్నదని ఇరుగుపొరుగు వారిని పిలిచెడివారు. కాకినాడ దాటు వఱకు బండి గాలివలె పోయెను. మనది పల్లపు సీమ గదా, చక్రమునకు ఎత్తనునది తెలియదు. రత్నగిరి బాట యెక్క నారంభించినంతనే ఇంజనులో కణకణ మని చప్పుడు పుట్టెను. ఇనుప డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్లుండెను. డ్రైవరు ఆ చప్పుడునకు వెఱచి మఱింత గట్టిగా తొక్కెను. సగము కొండపై నీలిపొగ లేచి బండి నిలిచిపోయెను. మా నాయనమ్మ దిగి, "స్వామి నడిచి రమ్మన్నాడు" అని మెట్లదారి పట్టెను. వ్రతము జరిగినది, కారు మాత్రము లారీకి కట్టబడి రామచంద్రపురము చేరినది.

అచ్చట ఒక వృద్ధ మెకానిక్కు ఇంజనును విప్పి, పిస్టను నొకదానిని తీసి నా చేతిలో పెట్టెను. దాని నడినెత్తిన రూపాయి బిళ్ళంత రంధ్రము! "పంతులు గారండీ, రోకలి ఇంకా పైకొస్తానే ఉందండీ. మంట ముందే అంటుకుని నెత్తి మీద కొట్టేసింది. ఇంకేటవుద్దండీ?" అనెను. నేను ఉలికిపడితిని. మన తెలుగు శాస్త్రపుస్తకములలో పిస్టనునకు "ముషలకము" అని పేరు. ముషల మనగా రోకలియే. ఆయన నిఘంటువు చూచి ఆ మాట అనలేదు. పనిని చూచి అనెను.

ఆ రోకలి పని యెట్టిదో కొంచెము చెప్పవలెను. సిలిండరను గొట్టములో ముషలకము క్రిందికి దిగునపుడు గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి పీల్చబడును. అది పైకి లేచునపుడు ఆ మిశ్రమము ఇఱుకున నొక్కబడును. అప్పుడు ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మంట వ్యాకోచించి ముషలకమును క్రిందికి త్రోయును. ఆ త్రోపే చక్రమునకు పోవు బలము. తిరిగి పైకి వచ్చుచు అది పొగను వెలికి నెట్టును. ఈ నాలుగు గతుల యింజనును 1876లో జర్మనీ దేశస్థుడగు నికొలాస్ ఆటో నడిపి చూపెను. నేటికిని పెట్రోలు కారులన్నియు ఆ క్రమమునే అనుసరించుచున్నవి.

ఇందులో మర్మమంతయు నిప్పురవ్వ వేళ యందున్నది. మన యిండ్లలో ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో వడ్లు దంచుట మీలో పెద్దలెల్లరు చూచినదే. ఒకరి రోకలి లేచునపుడు రెండవవారిది పడును. అరక్షణము తప్పినచో రోకళ్ళు ఢీకొనును, చేతులు జివ్వుమనును. ఇంజనులోనిదియు అట్టిదే. మంట వ్యాపించుటకు కొంత కాలము పట్టును గావున, ముషలకము పైకొనకు చేరుటకు కొంచెము ముందుగనే రవ్వ పడవలెను. ఆ "కొంచెము" సరిగా నున్నచో బలము దక్కును. మఱీ ముందైనచో లోపలి ఒత్తిడి హెచ్చి, మంట ఇంకను చేరని మూలనున్న మిశ్రమము తనంత తానే భగ్గు మనును. ఆ రెండవ పేలుడే మేము కొండపై వినిన కణకణ ధ్వని. దీనిని మెకానిక్కులు నాకింగు అందురు. అది కొంతసేపు సాగినచో అల్యూమినియపు ముషలకము వేడికి మెత్తబడి కరగును. మా కారునకు జరిగినది అదియే.

ఇక చరిత్రకు వత్తము. ఇంజను బలమును గుఱ్ఱములతో లెక్కించుట జేమ్సువాటు నాటి ఆచారము. 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేపగల శక్తి ఒక గుఱ్ఱపు బలము. సిలిండరును పెద్దది చేసినను, వేగముగా త్రిప్పినను బలము హెచ్చును గాని దానికి తగినంత పెట్రోలును ఎక్కువగా పోయవలెను. అదే పెట్రోలునుండి అధికముగా పని రాబట్టవలెనన్నచో మిశ్రమమును మఱింత బిగువుగా నొక్కుట యొక్కటే రాచబాట. ఆటో తన యింజనులో మిశ్రమమును మూడవ వంతునకైన సరిగా నొక్కలేదు. 1908లో అమెరికాలో ఫోర్డు చేసిన టి-మోడలు కారులో అది సుమారు నాలుగున్నర వంతులలో ఒక వంతయ్యెను. అంతకు మించి నొక్కబోయినచో నాకింగు అడ్డువచ్చెను. ఆ కాలపు యంత్రజ్ఞులకెల్ల ఇది దాటరాని గోడయై నిలిచెను.

ఈ గోడను దాటిన విధమే నన్ను మిక్కిలి బాధించు ఘట్టము. జనరల్ మోటార్సు సంస్థలో ఛార్లెస్ కెట్టరింగు క్రింద పనిచేసిన థామస్ మిడ్జిలీ యను నతడు వందలకొలది పదార్థములను పెట్రోలులో కలిపి పరీక్షించెను. మద్యసారము కలిపినచో నాకింగు అణగునని అప్పటికే వారికి తెలియును. మద్యసారము చెఱకునుండియు ధాన్యమునుండియు ఏ రైతు దేశములోనైనను చేయవచ్చును; దానిపై ఎవరికిని పేటెంటు హక్కు దొరకదు. 1921 డిసెంబరు 9వ తేదీన మిడ్జిలీకి వేఱొక పదార్థము చిక్కెను. అది టెట్రాఇథైల్ లెడ్డు, అనగా సీసముతో చేసిన ద్రవము. గాలనునకు కొన్ని చుక్కలు చాలును, పేటెంటు దొరకును, లాభము మెండు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రమందలి డేటన్ పట్టణమున దాని విక్రయము మొదలయ్యెను.

సీసము విషమని రోమనుల కాలమునుండి ఎఱిగినదే. మన వైద్యులును నాగమును, అనగా సీసమును, శుద్ధి చేయక ముట్టరాదని చెప్పిరి. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఈ ద్రవమును తయారుచేయు కర్మాగారమునందు అయిదుగురు పనివారు మతి చలించి మరణించిరి. మిడ్జిలీ స్వయముగా సీసదోషముచే విశ్రాంతి తీసికొనవలసి వచ్చినవాడే. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన యాండెల్ హెండర్సను, హార్వర్డునకు చెందిన ఆలిస్ హామిల్టను అనువారు వలదు వలదని మొఱపెట్టిరి. 1925లో సభ జరిగెను, విక్రయము కొంతకాలము నిలిచెను, మరల సాగెను. అటుపిమ్మట ఏబది సంవత్సరములు ప్రపంచములోని పెట్రోలు కారులలో పెక్కు సీసపు పొగ వదలినవి. అందు మా పెదతండ్రిగారి కారును ఒకటి.

నేను ముప్పది యేండ్లకు పైగా పాఠము చెప్పిన బడి రాజమార్గము ప్రక్కనే యుండెను. బస్సులు, కారులు గుమ్మము ముందు ఇంజను ఆపక నిలిచెడివి. పిల్లలు ఆ దుమ్ములోనే ఆటలాడెడివారు. ఆ దుమ్ము చేతులతోనే జామకాయలు తినెడివారు. పెట్రోలు కారుల పొగనుండి రాలిన సీసము దుమ్ములో నిలిచి, పిల్లల రక్తములో చేరి, బుద్ధిని మందగింపజేయునని నాకు అప్పుడు తెలియదు. శబ్దమంజరి వల్లింపలేని పిల్లవానిని బెంచిపై నిలబెట్టితిని. వానిలో ఎవనికైనను ఈ పొగ కారణమా యని చెప్పగలవాడు లేడు. అయినను కొందఱి ముఖములు నాకిప్పటికిని జ్ఞప్తికి వచ్చును.

సీసము పోయినది గూడ పిల్లల మొఱ విని మాత్రమే కాదు. అమెరికాలో పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరను పరికరమును 1975నుండి కారులకు తగిలించిరి. సీసము తగిలినచో ఆ పరికరము చెడును; కావున సీసములేని పెట్రోలు కావలసి వచ్చెను. పరికరమునకు చేయు హాని ముందు నిషేధింపబడి, బిడ్డలకు చేయు హాని దాని వెంట నడచినది. మన దేశమున 1995 ఏప్రిల్ 1నుండి నాలుగు మహానగరములలో క్రొత్త కారులకు ఆ పరికరము తప్పనిసరి యయ్యెను. 2000 ఫిబ్రవరి 1వ తేదీనుండి దేశమంతట సీసములేని పెట్రోలు మాత్రమే విక్రయింపబడుచున్నది. ప్రపంచములో కడపటిగా ఆల్జీరియా దేశము 2021లో దీనిని మానెను. ఒక శతాబ్దము పట్టినది.

మన కారుల సంగతికి వచ్చినచో, అంబాసిడరు 1957లో కలకత్తా చేరువనున్న ఉత్తరపాడాలో పుట్టెను. ఇంగ్లీషువారి మారిస్ ఆక్స్‌ఫర్డు కారునకు అది మాఱురూపము. మా పెదతండ్రిగారి కారు ఇంజను పరిమాణము 1489 ఘనసెంటీమీటర్లు. బలము సుమారు 50 గుఱ్ఱములు. మిశ్రమమును నొక్కుట ఏడెనిమిది వంతులలో ఒక వంతు. బొంబాయిలోని ప్రీమియరు పద్మినికి పరిమాణము 1089, బలము నలువదికి కొంచెము పైన. 1983 డిసెంబరులో చిన్న మారుతి వచ్చి ఈ రెండింటికిని సిగ్గు తెచ్చినది. అంబాసిడరునకు 1990ల ఆరంభమున ఇసుజు వారి 1800 ఇంజనును, అయిదు గేర్లను అమర్చిరి గాని, అప్పటికే కాలము దాటెను. 2014లో దాని నిర్మాణము నిలిచిపోయినది. నేటి సామాన్యపు కుటుంబ కారుల నాలుగు సిలిండర్ల ఇంజనులు కొన్ని 1197 ఘనసెంటీమీటర్లవి. అంబాసిడరుకంటె అయిదవ వంతు చిన్నవి. బలము మాత్రము 80 మొదలు 90 గుఱ్ఱముల వఱకు.

ఈ యద్భుతము ఎట్లు జరిగెను? పాత కారులో కార్బురేటరను గిన్నె పెట్రోలును అంచనాగా గాలిలో కలిపెడిది. చలికాలమొక తీరు, ఎండకాలమొక తీరు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు బరువులో 14.7 పాళ్ళ గాలి కావలెను. పెట్రోలు హెచ్చినచో నల్లపొగ, తగ్గినచో వేడి. 2000వ సంవత్సర ప్రాంతమున కాలుష్య నిబంధనలు బిగిసిన కొలది మన దేశపు కారులలో కార్బురేటరు పోయి పిచికారీ పద్ధతి వచ్చినది. పొగగొట్టములో నుండు నొక పరికరము మిగిలిన ప్రాణవాయువును క్షణక్షణము పరీక్షించి గణకయంత్రమునకు తెలుపును. అది పెట్రోలును తగ్గించుచు హెచ్చించుచు నుండును. మఱియొక పరికరము ఇంజనుకు చెవియొగ్గి, నాకింగు వినబడినంతనే నిప్పురవ్వను వెనుకకు జరుపును. రామచంద్రపురపు వృద్ధుడు చెవితో విని చేసిన పనిని అది సెకనులో అనేక పర్యాయములు చేయును. ఈ కాపలా యుండుటచేతనే మిశ్రమమును పదకొండు, పండ్రెండు వంతులలో ఒక వంతునకు నొక్కుటకు ధైర్యము వచ్చినది. పొగను శుద్ధి చేయవలెనని పెట్టిన నియమమే బలమును గూడ తెచ్చినది. దీనిని నాటి కారు వ్యాపారులలో ఎందఱు ఊహించిరో!

ఇప్పుడు మద్యసారము తిరిగి వచ్చినది. 2003 జనవరిలో మన ఆంధ్రప్రదేశముతో సహా కొన్ని రాష్ట్రములలో పెట్రోలున నూటికి అయిదు పాళ్ళు ఇథనాలు కలుపుట మొదలిడిరి. 2025 నాటికి అది ఇరువది పాళ్ళయినది. చెఱకుమడ్డినుండి, చెఱకురసమునుండి, నూకలనుండి, మొక్కజొన్ననుండి దీనిని తీయుదురు. చెల్లూరులోను తణుకులోను చక్కెర మరలు వెలసిన గోదావరి సీమవారికి ఈ మాట వింత కాదు. 1921లో ప్రక్కకు నెట్టిన వస్తువు నూఱేండ్లకు మన యూరి పంపులో ప్రత్యక్షమైనది.

దీనిపై మన గ్రామములలో సణుగుడు మెండుగా నున్నది. సణుగుడులో కొంత నిజము కలదు. లీటరు ఇథనాలులో నుండు వేడి లీటరు పెట్రోలులోని దానికంటె ఇంచుమించు మూడవ వంతు తక్కువ. ఇరువది పాళ్ళు కలిపినచో లెక్క ప్రకారము నూటికి ఆఱేడు పాళ్ళ వేడి తగ్గును. దానికనువుగా సవరింపని కారులలో ఆ మేర మైలేజీ తగ్గవచ్చును. పాత కారుల రబ్బరు గొట్టములను అది మెత్తపఱచును. కాని నాకింగును తట్టుకొను శక్తిని ఆక్టేను అంకెతో కొలుతురు. పూర్వము మన సాధారణ పెట్రోలుకు 87 ఉండెడిది, తరువాత 91 అయ్యెను, ఇరువది పాళ్ళ మిశ్రమమునకు 95. దానికొఱకే నిర్మించిన యింజను ఆ గుణమును బలముగా మార్చుకొనగలదు. పాత యింజను మార్చుకొనలేదు. ఇందు ఎవరి మాట నిజమని నన్నడిగినచో, ఇరువురిదియు అందును. నూకలను ఇంజనుకు పోసినచో బీదవాని జావకు ఏమి మిగులునను ప్రశ్న మాత్రము ఇంజను శాస్త్రములో తేలునది కాదు. దానిని మీరు పంచాయితీలలో విడువక అడుగవలెను.

మా తమ్ముని కుమారుని ముప్పది వేల సంగతి మిగిలినది. గణకయంత్రములోని లెక్కలను తిరిగి వ్రాయుటనే వారు రీమ్యాపింగు అందురు. గాలిని బలవంతముగా లోనికి త్రోయు టర్బో యంత్రము కల కారులలో దానివలన బలము గట్టిగానే పెరుగును. ఆ భారము గేర్లమీదను క్లచ్చిమీదను పడును. మావాని కారు తనంత తాను ఊపిరి పీల్చు ఇంజను కలది. దానికి వచ్చు లాభము బహు స్వల్పము. నిప్పురవ్వను ముందునకు జరుపుటయే అందలి ప్రధానమైన ఉపాయము. అది నేను 1981లోనే చూచితిని. ఇదిగాక, 1988 మోటారు వాహనముల చట్టము 52వ విభాగము కర్త యిచ్చిన స్వరూపమును తోచినట్లు మార్చుటకు ఒప్పదు. భీమా వారు ప్రమాద సమయమున ఈ సంగతినే ముందు వెదకుదురు.

వానికి నేను చెప్పినది వేఱు. నూర్పిళ్ళ దినములలో మన రోడ్లపై ధాన్యము ఆరబోయుదురు. ఆ పొట్టు, ఆ ధూళి గాలి వడపోతలో చేరును. కుటుంబపు కారునకు ఊపిరి ఆడకపోవుటకు డెల్టాలో మొదటి కారణ మదియే. విప్పి చూచితిమి, అట్టకట్టిన పొట్టు పిడికెడు వచ్చెను. ప్లగ్గులు అరిగి యుండెను, మార్చితిమి. టైర్లలో గాలి సగమే యుండెను. ఒక చక్రపు బ్రేకు పట్టుకొని వదలక యుండెను. గుఱ్ఱములలో కొన్ని అచ్చటనే మేయుచుండెను. అంతయు మూడు వేల లోపున తీఱినది. వాడు ఇప్పుడు బండి బాగుగా లాగుచున్నదని చెప్పుచు, మిగిలిన డబ్బుతో యానాము పోయి పెట్రోలు నింపుకొని వచ్చుచున్నాడు. అచ్చట పన్ను తక్కువ గదా.

పెదతండ్రిగారి అంబాసిడరు ఇంకను మా దాయాదుల ఇంటనున్నది. సీసము పోయిన పిమ్మట దాని వాల్వులు కూర్చుండు గద్దెలు అరిగిపోయినవి, ఏలనన సీసమే వానికి మెత్తగా పనిచేసెడిది. గట్టి లోహపు గద్దెలు వేయించిరి. ఇథనాలు వచ్చిన తరువాత రబ్బరు గొట్టములన్నియు మార్చిరి. రంధ్రము పడిన ఆ ముషలకము నా బల్లపై కాగితములు ఎగిరిపోకుండ కాపాడుచున్నది. క్రిందటి కార్తికములో ఆ కారులోనే మరల అన్నవరము పోతిమి. ఈ పర్యాయము అయిదుగురమే. రెండవ గేరులో కొండ యెక్కినది, కణకణ ధ్వని లేదు. దిగునపుడు మాత్రము బ్రేకులు చాలక రెండు చోట్ల ఆగితిమి.